పదీ ముప్పై ఆరుకు ముహూర్తం

పెనుకొండలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే చోట ప్రతి కొత్త బ్యాచ్‌తోనూ ఒక ఆట ఆడించేదాన్ని. ఇప్పుడు ఆ పాఠం వచ్చిన రోజు తోటి మాస్టారును పంపేసి నేను స్టాఫ్ రూంలో కూర్చుంటున్నాను. ఆయన అది నా బద్ధకం అనుకుంటున్నాడు. భయం అని చెప్పలేను కదా.

ఆట ఇది. వందలోపు ఏదో ఒక సంఖ్య తీసుకోవాలి. దాన్ని ఇరవై ఒకటితో గుణించి, ఏడు కలిపి, వచ్చినదాంట్లో చివరి రెండంకెలే ఉంచుకోవాలి. మళ్లీ ఆ రెండంకెల్ని ఇరవై ఒకటితో గుణించి ఏడు కలపాలి. ఇలా పోతూనే ఉండాలి. ఆ శుక్రవారం క్లాసులో నేనే ముప్పై ఆరుతో మొదలుపెట్టాను. బోర్డు మీద 63 వచ్చింది. తర్వాత 30, తర్వాత 37, 84, 71, 98. తర్వాతిది ఏమిటో లెక్క వేయకుండా చెప్పండి చూద్దాం అంటే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒకమ్మాయి మాత్రం, "మేడం, ఇది పిచ్చోడు చెప్పినట్టు ఉండాది" అంది. క్లాసంతా నవ్వింది.

పిచ్చివాడి మాటలా ఉంటుంది కానీ, ముప్పై ఆరుతో మొదలుపెడితే ఎవరు వేసినా, ఎన్నిసార్లు వేసినా మళ్లీ అరవై మూడు, ముప్పై, ముప్పై ఏడే. కంప్యూటర్ చేసేదీ ఇదే, దాని సంఖ్యలు పెద్దవి, అంతే. దానికి చీటీ తీయడం రాదు, బొమ్మా బొరుసా వేయడం రాదు. మొదట ఒక సంఖ్య ఇస్తే అక్కడినుంచి గుణకారాలు చేసుకుంటూ పోతుంది, మనకు లెక్క కనపడదు కాబట్టి అదృష్టం అనుకుంటాం. ఆ మొదటి సంఖ్యను మా వాళ్లు విత్తనం అంటారు. వేరుశనక విత్తితే వేరుశనకే వస్తుంది, కంది రాదు అని నేను పిల్లలకు చెప్పేదాన్ని. శుక్రవారం నా నోటితో నేను చెప్పిన ఈ మాట శనివారం నా బుర్రకు ఎక్కలేదు. దాని ఫలితమే ఇదంతా.

ధర్మవరంలో ఒక నేతకారుల సంఘం ఊరి బయట నలభై ఇళ్లు కట్టించింది. నలభై మంది సభ్యులు, నలభై ఇళ్లు. ఎవరికీ ఇల్లు రాకుండా పోదు. తగాదా అంతా కిందా పైనా అన్నదాని దగ్గరే. ఒకటి నుంచి ఇరవై దాకా కింద, ఇరవై ఒకటి నుంచి నలభై దాకా వాటి మీద మేడ. గుంత మగ్గం పెట్టేవాడికి నేల కావాలి. మనిషి నేల అంచున కూర్చుని, కాళ్లు గుంతలో వేలాడేసి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తాడు. మేడ మీద స్లాబులో గుంత ఎక్కడ తవ్వుతాం? పోనీ నిలబెట్టే మగ్గం వేద్దామంటే, దాని దెబ్బకు కింది ఇంటి కప్పు అదురుతుందని సంఘమే వద్దని తీర్మానం చేసింది. కాబట్టి పైన వచ్చినవాడి మగ్గం పోయినట్టే. రేపటినుంచి ఇంకొకరి షెడ్డులో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేయాలి.

ఆ నలభై మందిలో మా చిన్నాయన ఒకడు. అంటే మా అమ్మ చెల్లెలి భర్త. అప్పటికి వాళ్లు ఉంటున్న బాడుగ ఇంట్లో వాన పడితే గుంతలో నీళ్లు ఊరేవి. చిన్నమ్మ చెంబుతో తోడిపోసేది, ఆయన తడి నేలలోనే కాళ్లు పెట్టి తొక్కేవాడు. ఇంటివాళ్లు ఖాళీ చేయమని చెప్పి కూడా నెలలైంది. కాబట్టి కింది ఇల్లు రావడం, రాకపోవడం అన్నది వాళ్లకు మగ్గం ఉండటం, ఊడటం.

సంఘం పెద్దాయన నా దగ్గరికి వచ్చింది చిన్నమ్మ వల్ల కాదు. ఆయన మనవరాలు నా దగ్గర చదువుకుంది. హిందూపురంలో మా ఇంటికే వచ్చి, తువాలు భుజం మీదినుంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చీటీలు వద్దమ్మా. పోయిన తూరి షెడ్లకు చీటీలు తీసినాము. ఒగనికి మంచి షెడ్డు పడె. వాని చీటీకి పసుపు పూసినారు, చేతికి గరుగ్గా తగిలింటాదని ఇంగొకడు అనె. ఆ రెండిండ్ల మధ్య ఇప్పటికీ మాటల్లేవు. కంప్యూటర్ అయితే అబద్ధం చెప్పదు. ఎవురూ ఎవుర్నీ అనేకి ఉండదు."

సభ్యుల్లో నీకు చుట్టాలున్నారా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పని ఇంకొకరికి పోయేది. నాకేమో ఆ పని చేసి నలుగురిలో మంచి అనిపించుకోవాలని ఉబలాటం. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారే, అది నాకే చెప్పాలి.

ప్రోగ్రాం రాశాను. ఇలాంటివాటికి మామూలుగా వాడే పద్ధతిలో సెకనులో ఎన్నో వంతు దగ్గర గడియారం ఉందో అదే మొదటి సంఖ్య అవుతుంది. అంత సన్నటి కాలాన్ని ఎవరూ కంటితో చూడలేరు కాబట్టి రేపు ఎవరైనా అడ్డం తిరిగితే రుజువు చూపలేం. అందుకని నేను మహా తెలివిగా ఆలోచించి, తేదీ, గంట, నిమిషం మాత్రం పక్కపక్కన పేర్చి దాన్నే మొదటి సంఖ్య చేశాను. నిమిషం అందరికీ గోడ మీద కనపడుతుంది. లిస్టు అడుగున ఆ సంఖ్యను అచ్చు వేస్తే, అనుమానం ఉన్నవాడు అదే సంఖ్య ఇచ్చి మళ్లీ వేయించుకోవచ్చు, అదే లిస్టు వస్తుంది. పెద్దాయనకు ఇది ఎంత నచ్చిందంటే, ఆ నియమాన్ని తెలుగులో రాయించి సంఘం ఆఫీసు తలుపుకు అంటించాడు.

తర్వాత మా వాళ్లు ఏ పనికైనా చేసేదే చేశారు. పంతులు దగ్గరికి పోయి ముహూర్తం పెట్టించారు. ఆదివారం ఉదయం పదీ ముప్పై ఆరు. ఆ వారమంతా నా తలలో ఆ ముప్పై ఆరే తిరుగుతూ ఉండబట్టి క్లాసులో కూడా అదే నోటికి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం పెద్దాయన ఫోన్ చేశాడు. "అమ్మా, ఒక్కసారి ఆ ముహూర్తానికే పెట్టి చూడు. సరిగ్గా ఆ టయానికి మిషన్ మొరాయించిందనుకో, అపశకునం అంటారు. నలభై ఇండ్లోళ్లు నా మీద పడతారు."

ఆయన భయం నాకు న్యాయంగానే తోచింది. ల్యాప్‌టాప్ గడియారాన్ని మరుసటి రోజుకు జరిపి, పది గంటల ముప్పై ఆరు నిమిషాలు చేసి, ఎంటర్ నొక్కాను. మొరాయించలేదు. లిస్టు టకటకా వచ్చింది. చిన్నాయన పేరు వెతుక్కున్నాను. నాలుగో నంబరు. కింద, దారి పక్కన, గాలీ వెలుతురూ వచ్చే ఇల్లు. ఉత్త పరీక్షే అయినా సంతోషం వేసింది. గడియారం మళ్లీ సరిచేసి ల్యాప్‌టాప్ మూసేశాను.

సాయంత్రం చిన్నమ్మ ఫోన్. గొంతు పీలగా ఉంది. రెండు రోజులుగా ఒక్క పూట తింటోందట, మొక్కుకుందట.

"పాపా, పైన వస్తే ఏం చేస్తామే? మీ చిన్నాయనకు ఇంగో పని రాదు."

"భయపడొద్దు చిన్నమ్మా. ఇప్పుడే ఊరికే వేసి చూసినా. నీకు నాలుగో నంబరు వచ్చింది. కింద."

"నిజ్జంగానా?"

"ఊరికే వేసినా అంటున్నా కదా. రేపు వేసేదే అసలుది."

నేను చెప్పిన రెండు ముక్కల్లో ఆమె ఏది విన్నదో, ఏది వదిలేసిందో అప్పుడు నాకు తెలియదు. ఫోన్ పెట్టేటప్పుడు మాత్రం గొంతు తేటపడింది. ఒక మనిషికి ఆ పూటకు అన్నం సహించేలా చేశాను కదా అని తృప్తిగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున హిందూపురంలో రైలు ఎక్కాను. ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి, పక్కన ఇడ్లీ పొట్లం. పెనుకొండ స్టేషన్లో క్రాసింగ్ కోసం రైలు ఆగింది. కిటికీలోంచి కొండ మీది కోట గోడ కనిపిస్తోంది. రోజూ దిగే ఊరే కాబట్టి అలవాటుగా నా క్లాసు గుర్తొచ్చింది. శుక్రవారం నాటి బోర్డు గుర్తొచ్చింది. ముప్పై ఆరుతో మొదలుపెడితే అరవై మూడు. ఎన్నిసార్లు వేసినా అరవై మూడు.

చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది.

శనివారం నేను వేసింది పరీక్ష కాదు. తేదీ అదే, గంట అదే, నిమిషం అదే. ఈ రోజు పదీ ముప్పై ఆరుకు నొక్కితే వచ్చేది ఆ లిస్టే. ఒక్క పేరు కూడా అటూ ఇటూ కాదు. నలభై కుటుంబాలు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఊపిరి బిగబట్టి చూడబోయే లిస్టు నిన్న మధ్యాహ్నమే మా ఇంట్లో వచ్చేసింది. అందులో మా చిన్నాయనకు మంచి ఇల్లు వచ్చింది. ఆ సంగతి నేను ఫోన్లో చిన్నమ్మకు చెప్పాను.

చిన్నమ్మ మనసు వెన్న, నోరు మాత్రం కాదు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఎప్పుడూ అంటుండేది. నిన్న సాయంత్రంనుంచి ఈ పొద్దుటికి ఆ మాట ఎన్ని గడపలు దాటి ఉంటుందో! 'మా అక్క కూతురే మిషన్ వేసేది, మాకు నాలుగో నంబరంట.' పదీ ముప్పై ఆరుకు సరిగ్గా నాలుగో నంబరే వస్తే, ఆ హాల్లోంచి నేను బయటికి వస్తానా? పసుపు చీటీ తగాదాలో కనీసం అనుమానమే. ఇందులో సాక్షులుంటారు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఎదురు సీటులో ఉన్న పెద్దావిడ, "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అంది. బాగానే ఉందన్నాను.

ప్రోగ్రాం మార్చేద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. ఒక్క అంకె ఎక్కువ కలిపితే లిస్టంతా తారుమారవుతుంది. కానీ నియమం ఆఫీసు తలుపు మీద అంటించి ఉంది. రేపు ఎవరైనా సరిచూడమంటే కాగితానికీ ప్రోగ్రాముకూ పొంతన ఉండదు, అప్పుడు అసలైన దొంగను నేనే అవుతాను. మూసేశాను. పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే ముందు అడిగేది, ఆమె నీకేమవుతుందని. అది ఇన్నాళ్లూ ఎందుకు దాచావని. ధర్మవరం వచ్చేదాకా ఈ రెండింటి మధ్యే కొట్టుకున్నాను.

హాలు నిండిపోయి ఉంది. నా ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టీ పెట్టకముందే ఎవరో దానికి పసుపు బొట్టు పెట్టారు. పక్కన ప్రింటర్‌కు కూడా. గోడ గడియారంలో పదింబావు అయింది. మంచినీళ్లు తెచ్చిచ్చిన ఒకావిడ నవ్వుతూ, "అంతా నీ చేతిలోనే ఉండాది కదమ్మా" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఆమె మొహంలోకి చూశాను. మామూలుగానే అన్నదో, తెలిసే అన్నదో అర్థం కాలేదు. నీళ్లు సగం ఒలికిపోయాయి.

మూడో వరసలో చిన్నమ్మ కూర్చుని ఉంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరి మొహాలూ బిగుసుకుని ఉన్నాయి. ఒకామె కళ్లు మూసుకుని ఏదో జపిస్తోంది. చిన్నమ్మ ఒక్కతే పెళ్లికి వచ్చినదానిలా తీరుబడిగా, పమిట సర్దుకుని కూర్చుంది. ఆ మొహం ఒక్కటి చూస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది అనిపించింది. చిన్నాయన ఆలస్యంగా వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. వేళ్లకు తెల్లటి పొడి అంటుకుని ఉంది. పంచెకు తుడుచుకుంటున్నాడు.

పంతులు మంత్రం చదివాడు. పెద్దాయన కొబ్బరికాయ కొట్టాడు. ల్యాప్‌టాప్ మూలన గడియారం 10:35 చూపిస్తోంది. హాల్లో పిల్లల గోల కూడా ఆగిపోయింది. 10:36 అయింది.

"నొక్కమ్మా" అన్నాడు పెద్దాయన.

ఎంటర్ మీద పెట్టవలసిన వేలు దాని కింద ఉండే షిఫ్ట్ మీద పెట్టి గట్టిగా నొక్కాను. అది నొక్కితే ఏమీ కాదు. "నొక్కినాను. తిరుగుతా ఉంది, కొంచెం ఆగాల" అన్నాను. అరవై సెకన్లు అంత పొడుగుంటాయని నాకు తెలియదు. ఆ నిమిషం పొడుగునా నేను న్యాయం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నాకు ముందే తెలిసిన లిస్టు అదృష్టం ఎలా అవుతుంది, తెలియనిదే కదా ధర్మం అని. మూలన 10:37 పడింది. అప్పుడు ఎంటర్ నొక్కాను.

పెద్దాయన కాగితం చదివాడు. చిన్నాయన పేరు దగ్గర "ముప్పై ఒకటి" అన్నాడు.

చిన్నమ్మ మొహంలో నవ్వు వెంటనే పోలేదు. పక్కవాళ్లను చూసింది, ముప్పై ఒకటి అంటే పైనా కిందా అని అడిగినట్టుంది. తర్వాత నావైపు చూసింది. నేను ప్రింటర్లో కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకున్నాను.

ఎవరూ అరవలేదు. ఎవరూ నా మీద పడలేదు. పైన వచ్చినవాళ్లు కొందరు ఏడ్చారు, కింద వచ్చినవాళ్లు దేవుడికి దండం పెట్టుకున్నారు. కంప్యూటర్ చెప్పింది కాబట్టి తగాదా రాలేదని పెద్దాయన నాకు శాలువా కప్పాడు. తర్వాత అందరం ఇళ్లు చూడటానికి నడిచాం.

కింది ఇళ్లలో ముందు గదికి గచ్చు వేయలేదు, మగ్గం గుంత కోసం మట్టి నేలగానే వదిలేశారు. నాలుగో నంబరు వేరే వీధిలో ఉండే ఒక నేతకారుడికి వచ్చింది. ఆయన తలుపు తోసి లోపల అడుగు పెట్టి, "అబ్బా, చూడండప్పా, సంఘమోళ్లు గుంతకు కొలత గూడా ఏసిపెట్టినారు!" అన్నాడు.

మట్టి నేల మీద ముగ్గుపిండితో నాలుగు వైపులా గీతలు గీసి ఉన్నాయి. సరిగ్గా మగ్గం గుంత కొలత. నాలుగు మూలలా పసుపు, కుంకుమ. మధ్యలో ఒక బంతిపువ్వు.

"మేమా? మేమెవురమూ ఏయలేదే" అన్నాడు పెద్దాయన. "ఈ ఇంటికే ఎవురు ఏసింటారు?"

అన్ని ఇళ్లలోకీ ఈ ఒక్క ఇంట్లోనే, డ్రా కాకముందే. ఇక రెండో ప్రశ్న ఏమిటో నాకు తెలుసు.

గుంపు వెనకనుంచి చిన్నాయన ముందుకు వచ్చాడు. "నేనే ఏసినా. ఎవురికి వచ్చినా కొలత ఒగటే కదప్పా. పొద్దన్నే పనేమీ లేక ఏసినా. అన్నీ ఏద్దామనుకుంటి, పిండి అయిపోయింది." ఆయన అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కసారే. పెద్దాయన తల ఊపి పక్క ఇంటికి కదిలాడు. చిన్నాయన మాత్రం అక్కడే గొంతుక్కూర్చుని నేలను వేలితో పొడిచి చూసి, కొత్త యజమానితో, "ఈడ నేల గట్టిది. ఇంగో జానెడు లోతు తియ్యి. కాళ్లకు సుఖంగా ఉంటాది" అన్నాడు.

నన్ను స్టేషన్‌కు ఆటో ఎక్కించడానికి చిన్నమ్మ వచ్చింది. దార్లో ఉండబట్టలేక అడిగాను. "నిన్న నేను చెప్పింది ఎవరికైనా చెప్పినావా?"

"మీ చిన్నాయనకు తప్ప నరమానవునికి చెప్పల్యా. నీకు మాట వస్తాదని నువ్వు మా అక్క బిడ్డవని గూడా ఈడ ఎవురికీ చెప్పల్యా పాపా. పొద్దన్నే నువ్వు ఫోన్ చేసినప్పుడు గూడా నలుగురిలో ఉంటి, అందుకే ఎత్తల్యా."

రైల్లో ఏడ్చానా అంటే, లేదు. ఏడుపు కంటే భయమే ఎక్కువగా ఉంది, ఈసారి భయం నన్ను చూసి. ముహూర్తం పెట్టింది పంతులు. నియమం తలుపు మీద అంటించింది సంఘం. ప్రోగ్రాములో నేను ఎవరి పేరునూ ముందుకో వెనక్కో తోయలేదు. ఆ లెక్కన పదీ ముప్పై ఆరుకు నొక్కి ఉంటే అది మోసం కాదు, చిన్నాయనకు న్యాయంగా వచ్చిన ఇల్లు అది. ఆ రోజు మొత్తంలో చేతివాటం చూపించినది నేనొక్కదాన్నే. నలుగురు ఏమంటారో అన్న భయంతో, సొంత మనుషుల నోటి దగ్గరి కూడు తీసేసి, దానికి న్యాయం అని పేరు పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక వద్దు వద్దు అనుకుంటూనే మిగతా నిమిషాలు వేసి చూశాను. ముప్పై ఐదుకు పైన. ముప్పై ఎనిమిదికి పన్నెండో నంబరు, కింద. ముప్పై తొమ్మిదికీ కింద. ఇంకో నిమిషం భయపడి ఉన్నా ఆయన మగ్గం నిలిచేది. తర్వాత ఆ ప్రోగ్రామును చెరిపేశాను.

కంప్యూటర్లకు నిజంగా ఎవరికీ తెలియని సంఖ్య కావాలంటే దాన్ని బయటి ప్రపంచంనుంచి ఏరుకుంటాయట. చిప్పుల్లో వేడికి పుట్టే సన్నటి విద్యుత్తు కదలికలు, మౌస్ జరిగే తీరు, ఒక మీట నొక్కడానికీ ఇంకో మీట నొక్కడానికీ మధ్య వేళ్ల తడబాటు, ఇలాంటివి. ఈ సంగతి నేను చదివింది చాలా ఆలస్యంగా. ఆ రోజు షిఫ్ట్ మీద నా వేలు వణికిన వణుకును ల్యాప్‌టాప్‌కు ఇచ్చి ఉంటే సరిపోయేది. అంత నమ్మదగిన విత్తనం ఆ హాల్లో ఇంకొకటి లేదు.

చిన్నాయన మగ్గం విప్పి అమ్మేశారు. ఆయన ఇప్పుడు రోజూ మేడ మెట్లు దిగి రెండు వీధుల అవతల ఒకరి షెడ్డులో కూలికి నేస్తున్నాడు. సాయంత్రం మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి, సగంలో ఆగి గోడ పట్టుకుంటాడు. నాలుగో నంబరు ఇంటిముందు నుంచే దారి. లోపల మగ్గం చప్పుడు బయటికి వినిపిస్తుంది.

నేను పోవడం బాగా తగ్గించాను. పోయిన నెల తప్పలేదు. చిన్నమ్మ నన్ను ముందు గదిలో కూర్చోబెట్టి కాఫీ తెచ్చింది. దేవుడి పటాల పక్కనే, ఇల్లు తమదని చెప్పే కాగితం కాబట్టి, ఆ రోజు సంఘం పంచిన లిస్టుకు ప్లాస్టిక్ అట్ట వేయించి మేకుకు తగిలించింది. అడుగున మొదటి సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంది. అది అంత పెద్దగా పడాలని కోరింది కూడా నేనే. చివరి నాలుగు అంకెలు 1037.

"పాపా, ఎప్పుటినుంచో అడగాలని" అంది గ్లాసు నా చేతికి ఇస్తూ. "ఆ పొద్దు నువ్వు సరిగ్గా ముహూర్తానికే నొక్కినావు కదా? ముప్పై ఆరుకే?"

"ముప్పై ఆరుకే చిన్నమ్మా."

"అయితే మన రాతేలే. ఇంగ ఎవుర్నని ఏం లాభం" అంది. ఆ మాటతో ఆమెకు మనసులో ఏదో బరువు దిగినట్టే ఉంది. లేచి, రోజూ చేసే పనిలా పమిట చెంగుతో దేవుడి పటాలు ఒక్కొక్కటీ తుడిచి, పక్కనున్న ఆ కాగితాన్ని కూడా పైనుంచి కింది దాకా తుడిచింది. మా చిన్నమ్మకు చదువు రాదు. పోగులు లెక్కపెట్టిన చెయ్యి కాబట్టి అంకెలు మాత్రం బాగా వచ్చు.